దారి తప్పిన ఫలదీకరణ: దంపతులకు అందని తొలి లెక్క

సంతాన సాఫల్య కేంద్రంలో స్త్రీ అండాశయాల నుంచి అండాలను సేకరించిన మరునాటి ఉదయం, రోగులెవ్వరూ అడుగుపెట్టని ఒక గదిలో ఒక చిన్న లెక్క జరుగుతుంది. అండాలను, శుక్రకణాలను కలిపి అప్పటికి 16 నుంచి 18 గంటలు గడిచి ఉంటాయి. పిండశాస్త్ర నిపుణులు ఇంక్యుబేటర్ నుంచి పళ్లెం తీసి సూక్ష్మదర్శిని కింద ఉంచుతారు. ఒక్కొక్క అండంలో ఎన్ని తొలి కేంద్రకాలు ఏర్పడ్డాయో లెక్కిస్తారు. రెండు కనిపిస్తే సక్రమం. ఒకటే కనిపించినా, మూడు కనిపించినా, అసలేమీ కనిపించకపోయినా ఆ అండం ఎదుట వేరే గుర్తు పడుతుంది. ఈ పరిశీలనకు కొద్ది నిమిషాలు చాలు. దాని ఫలితం మాత్రం ఆ దంపతుల జీవితంపై నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ల తరబడి ప్రభావం చూపుతుంది.

పన్నెండు అండాలు సేకరించారని విన్న దంపతులకు కొద్దిరోజుల తరువాత మూడు పిండాలే మిగిలాయని కబురు అందవచ్చు. మిగిలిన తొమ్మిది ఏమయ్యాయన్న ప్రశ్నకు 'నిలవలేదు' అన్న ఒక్క మాటే సమాధానమైతే, ఆ ఖాళీని ఇంట్లోని పెద్దలు, బంధువులు తమకు తోచినట్టు పూరిస్తారు. లోపమంతా కోడలిదేనన్న నిర్ణయానికి రావడానికి వారికి ఎంతో సమయం పట్టదు. నిజానికి ఆ తొమ్మిదింటిలో కొన్ని పక్వానికి రానివి కావచ్చు, కొన్ని ఫలదీకరణ చెందనివి కావచ్చు, మరికొన్ని ఫలదీకరణ చెందినా దారి తప్పినవి కావచ్చు. ఈ మూడింటికీ కారణాలు వేరు, ముందున్న మార్గాలూ వేరు.

రెండు గోళాల కథ

ఫలదీకరణ సక్రమంగా జరిగిన అండంలో రెండు పారదర్శక గోళాలు పక్కపక్కన కనిపిస్తాయి. శాస్త్ర పరిభాషలో వీటిని ప్రోన్యూక్లియస్‌లు అంటారు. ఒకటి తల్లి వైపు నుంచి వచ్చిన 23 క్రోమోజోములను, మరొకటి తండ్రి వైపు నుంచి వచ్చిన 23 క్రోమోజోములను మోసుకుని ఉంటాయి. అండం తనలోని అదనపు క్రోమోజోములను రెండు విడతలుగా బయటకు నెట్టివేస్తుంది. ఆ వ్యర్థభాగాలు ధ్రువదేహాలన్న పేరుతో అండం అంచున రెండు చిన్న బిందువులుగా కనిపిస్తాయి. లోపల రెండు గోళాలు, అంచున రెండు బిందువులు ఉంటే 46 క్రోమోజోముల పిండానికి పునాది పడినట్టే.

ఈ దృశ్యం ఎక్కువసేపు నిలవదు. మొత్తం మీద ఒక రోజు గడిచేసరికి ఆ గోళాల పొరలు కరిగిపోతాయి. ఆ తరువాత కొద్ది గంటలకే అండం రెండు కణాలుగా చీలుతుంది. అప్పుడు చూస్తే సక్రమమైన పిండానికీ, మూడు కేంద్రకాలతో మొదలైన పిండానికీ తేడా చెప్పడం దాదాపు అసాధ్యం. రెండవ రోజున నాలుగు కణాలతో, మూడవ రోజున ఎనిమిది కణాలతో రెండూ ఒకేలా అందంగా కనిపించగలవు. కనుకనే తొలి ఉదయపు పరిశీలన వేళ తప్పితే ఆ సమాచారం శాశ్వతంగా చేజారిపోయినట్టే. ఇంక్యుబేటర్‌లోనే అమర్చిన కెమెరాతో కొన్ని నిమిషాలకొకసారి చిత్రాలు తీసే పరికరాలు పెద్ద కేంద్రాలలో ఈ లోటును చాలావరకు తీరుస్తున్నాయి. అటువంటివి లేనిచోట నిపుణుల కన్నే ఆధారం.

మూడవ గోళం ఎక్కడిది?

మూడు కేంద్రకాలు కనిపించడానికి ప్రధానంగా రెండు కారణాలున్నాయి. సంప్రదాయ ఐవీఎఫ్ పద్ధతిలో ఒక్కొక్క అండం చుట్టూ వేల సంఖ్యలో శుక్రకణాలను విడిచిపెడతారు. ప్రకృతిసిద్ధంగా జరిగే గర్భధారణలో బీజవాహికలోని అండం దాకా చేరగలిగే శుక్రకణాలు కొన్ని వందలకు మించవు. మొదటి శుక్రకణం లోపలికి ప్రవేశించగానే అండం తన పైపొరను గట్టిపరచి రెండవదానికి దారి మూసివేయాలి. అండం పూర్తిగా పక్వం కాకపోయినా, పక్వత మీరిపోయినా ఈ తలుపు ఆలస్యంగా పడుతుంది. రెండవ శుక్రకణం కూడా లోపలికి చొరబడుతుంది.

రెండవది ఇక్సీ పద్ధతి. దీనిలో ఒకే శుక్రకణాన్ని సన్నని సూదితో నేరుగా అండంలోకి ప్రవేశపెడతారు. ఈ పద్ధతి ద్వారా తొలి జననాలు 1992లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ నుంచి వెల్లడయ్యాయి. ఇక్కడ రెండవ శుక్రకణానికి అవకాశం లేదు. అయినా మూడు గోళాలు కనిపిస్తున్నాయంటే అండం తన రెండవ ధ్రువదేహాన్ని బయటకు నెట్టలేకపోయిందని అర్థం. తల్లి వైపు క్రోమోజోములు రెండింతలు లోపలే ఉండిపోతాయి.

సంప్రదాయ ఐవీఎఫ్‌లో ఫలదీకరణకు ఉంచిన అండాలలో సుమారుగా 5 నుంచి 8 శాతం ఇలా మూడు కేంద్రకాలతో తేలుతాయి. ఇక్సీలో ఈ శాతం కొంత తక్కువ. అంటే ఇది అరుదైన ప్రమాదమేమీ కాదు. పది, పదిహేను అండాలు సేకరించిన సందర్భంలో ఒకటి అలా తేలడం ప్రయోగశాలలకు నిత్యానుభవం. ఒకటి రెండు అండాలు అలా దారి తప్పినంత మాత్రాన సక్రమంగా ఫలదీకరణ చెందిన మిగిలిన వాటికి దోషం అంటదు. ఈ విషయం దంపతులకు స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది. సగానికి సగం అండాలు అసహజంగా తేలినప్పుడు మాత్రం పరిస్థితి వేరు. హార్మోను ఇంజెక్షన్ల మోతాదు, అండాల సేకరణ వేళ, వాటి పక్వత, శుక్రకణాల పరిమాణం, ప్రయోగశాల పరిస్థితులు అన్నిటినీ వైద్యులు తిరిగి పరిశీలించవలసి ఉంటుంది.

గర్భంలో దాని పర్యవసానం

మూడు కేంద్రకాల అండం నుంచి సాధారణంగా 46కు బదులు 69 క్రోమోజోముల పిండం రూపొందుతుంది. దీనిని ట్రిప్లాయిడీ అంటారు. ఇది ఐవీఎఫ్‌కు మాత్రమే పరిమితమైనది కాదు. సహజ గర్భధారణలలో కూడా 1 నుంచి 2 శాతం వరకు ఇటువంటివి ఉంటాయని అంచనా. వీటిలో అత్యధిక భాగం మొదటి మూడు నెలల్లోనే గర్భస్రావంగా ముగుస్తాయి. ఎక్కడో అరుదుగా నెలలు గడిచి బిడ్డ పుట్టినా ఎక్కువ రోజులు జీవించదు.

అదనపు క్రోమోజోములు తండ్రి వైపు నుంచి వచ్చినప్పుడు మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. మాయ అసాధారణంగా పెరిగి నీటి బుడగల గుత్తులుగా మారుతుంది. తెలుగునాట దీనిని ముత్యాల గర్భం అంటారు. రెండు శుక్రకణాలు ప్రవేశించిన అండం నుంచి వచ్చేది పాక్షిక ముత్యాల గర్భం. తల్లి క్రోమోజోములు పూర్తిగా లోపించి, తండ్రివి మాత్రమే రెండింతలైనప్పుడు వచ్చేది సంపూర్ణ ముత్యాల గర్భం. పాశ్చాత్య దేశాల కంటే ఆసియా దేశాలలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపిస్తుందని చాలాకాలంగా నమోదవుతోంది.

ఇటువంటి గర్భాన్ని తొలగించడంతో పని ముగిసిపోదు. సంపూర్ణ ముత్యాల గర్భం వచ్చిన స్త్రీలలో సుమారు 15 నుంచి 20 శాతం మందికి వ్యాధి కణజాలం లోపల మిగిలిపోయి పెరిగే అవకాశం ఉంది. కొందరికి క్యాన్సర్ మందులు కూడా అవసరమవుతాయి. సకాలంలో గుర్తిస్తే దాదాపు పూర్తిగా నయమయ్యే జబ్బే ఇది. అందుకు రక్తంలో హెచ్‌సీజీ హార్మోను పరిమాణాన్ని వారాల తరబడి, నెలల తరబడి క్రమం తప్పకుండా పరీక్షించుకోవాలి. ఆ కాలంలో మళ్లీ గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. బిడ్డ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న స్త్రీకి ఇది ఎంత కఠినమైన నిబంధనో చెప్పనవసరం లేదు.

మూడు కేంద్రకాల అండాలను గర్భంలో ప్రవేశపెట్టరాదన్న నియమం ప్రపంచమంతటా పాటించడానికి కారణం ఇదే. తొలి ఉదయపు లెక్క ఒక స్త్రీని కొన్ని నెలల శారీరక, మానసిక యాతన నుంచి తప్పించగలదు. అయితే అది పూర్తి హామీ కాదు. తల్లి కేంద్రకం లేని అండంలోకి రెండు శుక్రకణాలు ప్రవేశిస్తే పైకి కనిపించేవి రెండు గోళాలే. సక్రమమైన రెండు గోళాల నుంచి మొదలైన పిండంలో కూడా ఒక క్రోమోజోము ఎక్కువో, తక్కువో ఉండవచ్చు. దీనికి తల్లి వయసు ప్రధాన కారణం. 2014లో అమెరికాలో 15 వేలకు పైగా పిండాల నమూనాలను పరిశీలించిన ఒక అధ్యయనం ప్రకారం, 35 ఏళ్ల స్త్రీల పిండాలలో సుమారు మూడింట ఒక వంతు, 42 ఏళ్ల స్త్రీల పిండాలలో సుమారు నాలుగింట మూడు వంతులు క్రోమోజోముల సంఖ్యలో తేడాతో ఉన్నాయి.

ఒకటి కనిపిస్తే పారవేయాలా?

మూడింటి విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య పెద్దగా భేదాభిప్రాయం లేదు. ఒకే కేంద్రకం కనిపించిన అండాలు, ఏ కేంద్రకమూ కనిపించకపోయినా తరువాత చీలడం మొదలుపెట్టిన అండాల విషయంలో మాత్రం ఆలోచన మారుతోంది. చాలాకాలం వీటన్నిటినీ ఒకే గాటన కట్టి పారవేయడం ఆనవాయితీగా సాగింది.

ఒకే గోళం కనిపించడానికి పలు కారణాలుండవచ్చు. శుక్రకణం ప్రమేయం లేకుండానే అండం తనంత తానుగా మేల్కొని ఉండవచ్చు. అటువంటిది బిడ్డగా ఎదగదు. రెండు గోళాలు వేర్వేరు వేళల్లో ఏర్పడి, పరిశీలన సమయానికి ఒకటే కనిపించి ఉండవచ్చు. తల్లిదండ్రుల క్రోమోజోములు రెండూ ఒకే పొరలో ఇమిడిపోయి ఉండవచ్చు. చివరి రెండు సందర్భాల్లో పిండం 46 క్రోమోజోములతో సక్రమంగానే ఉంటుంది. సంప్రదాయ ఐవీఎఫ్‌లో ఒకే గోళంతో కనిపించిన వాటిలో ఇటువంటి సక్రమ పిండాల పాలు ఇక్సీలో కంటే ఎక్కువని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఏ గోళమూ కనిపించని వాటిలోనైతే ఆ గోళాలు ముందుగానే కరిగిపోయి ఉండవచ్చు, లేదా ఆలస్యంగా ఏర్పడి ఉండవచ్చు.

ఇటువంటి పిండాలలో అయిదారు రోజులు పెరిగి బ్లాస్టోసిస్ట్ దశకు చేరుకునేవి తక్కువ. చేరుకున్న వాటిలో కొన్నింటి నుంచి ఆరోగ్యవంతులైన శిశువులు జన్మించినట్టు గత దశాబ్దంన్నర కాలంలో పలు దేశాల వైద్య పత్రికలు వెల్లడించాయి. కనుక సక్రమమైన పిండం ఒక్కటీ లేని దంపతులకు ఇవి చివరి ఆశగా మారుతున్నాయి. పిండం నుంచి కొన్ని కణాలు తీసి, అందులో తల్లి, తండ్రి ఇద్దరి వారసత్వమూ ఉన్నదో లేదో నిర్ధారించే జన్యు పరీక్షలు నేడు అందుబాటులో ఉన్నాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్రోమోజోముల పరస్పర నిష్పత్తిని మాత్రమే చూసే సాధారణ పరీక్ష అన్ని రకాల ట్రిప్లాయిడీని పట్టుకోలేదు. ప్రతి క్రోమోజోమూ సమానంగా మూడేసి ఉంటే దానికి తేడా తెలియదు. ఏ పరీక్ష చేశారన్నది దంపతులు అడిగి తెలుసుకోదగిన విషయం.

భారతదేశంలో ఈ పరీక్షలకు చట్టపరమైన హద్దులున్నాయి. ముందే తెలిసిన వంశపారంపర్య, జన్యు వ్యాధుల కోసమే పిండాలకు జన్యు పరీక్ష చేయవచ్చునని 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతిక చట్టం నిర్దేశిస్తోంది. ఆడో మగో ఎంచుకోవడం 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం ప్రకారమూ నేరమే.

నోటుపుస్తకం నిలబెట్టిన సత్యం

ప్రయోగశాలలో నమోదైన వివరాలకు ఎంత విలువ ఉందో భారతదేశపు ఐవీఎఫ్ చరిత్రే చెబుతుంది. ప్రపంచంలో తొలి పరీక్షనాళిక శిశువు లూయీస్ బ్రౌన్ 1978 జూలై 25న ఇంగ్లండులో జన్మించింది. అదే సంవత్సరం అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషి ఫలితంగా దుర్గ అన్న శిశువు జన్మించింది. పిండాన్ని అతిశీతల స్థితిలో భద్రపరచి వాడానని ఆయన ప్రకటించారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నియమించిన సంఘం ఆయన మాటను విశ్వసించలేదు. విదేశీ సదస్సులకు వెళ్లే అవకాశమూ దక్కలేదు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు.

బొంబాయిలోని కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ ఇందిరా హిందూజా, శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్‌ల కృషితో 1986 ఆగస్టు 6న జన్మించిన శిశువునే దేశంలో తొలి పరీక్షనాళిక శిశువుగా చాలాకాలం పరిగణించారు. అదే ఆనంద్ కుమార్ ఆ తరువాత ముఖోపాధ్యాయ్ స్వదస్తూరితో రాసుకున్న పత్రాలను పరిశీలించారు. ఆ ఘనత తనది కాదని, ముఖోపాధ్యాయ్‌దేనని 1997లో బహిరంగంగా అంగీకరించారు. మనిషి బ్రతికుండగా నమ్మని లోకాన్ని ఆయన రాతలు నమ్మించాయి.

పొరుగు దేశాలలోనూ ఈ వైద్యం వేళ్లూనింది. బంగ్లాదేశ్‌లో తొలి పరీక్షనాళిక శిశువులు 2001లో జన్మించారు. ఒకే కాన్పులో ముగ్గురు ఆడపిల్లలు. ఆనాడు అది పండుగలా తోచినా, ఒకే కాన్పులో ఇద్దరు ముగ్గురు పుట్టడం తల్లికీ, నెలలు నిండని పిల్లలకూ ప్రమాదమని వైద్యలోకం తరువాత గట్టిగా గ్రహించింది. ఎక్కువ పిండాలను ప్రవేశపెట్టడం కంటే మంచి పిండాన్ని ఎంచి ఒక్కదానినే ప్రవేశపెట్టడం మేలన్నది నేటి ధోరణి. ఎంపిక ఒక్కదానిదే అయినప్పుడు తొలి ఉదయపు లెక్క విలువ మరింత పెరుగుతుంది.

ఖర్చు ఒకరిది, వివరం మరొకరిది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన అంచనా ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. భారతదేశంలో ప్రైవేటు కేంద్రాలలో ఒక విడత ఐవీఎఫ్ చికిత్సకు సాధారణంగా లక్షన్నర నుంచి రెండున్నర లక్షల రూపాయల దాకా ఖర్చవుతోంది. ఇక్సీ, జన్యు పరీక్షలు, పిండాలను భద్రపరచడం వంటివి చేరితే ఇంకా పెరుగుతుంది. చాలా ఆరోగ్య బీమా పథకాలు దీనిని భరించవు. మధ్యతరగతి కుటుంబాలు బంగారం కుదువపెట్టో, పొలం అమ్మో, అప్పు చేసో ఈ గడప తొక్కుతున్నాయి.

మరోవైపు ఇది పెద్ద వ్యాపారంగా ఎదిగింది. 2023లో స్వీడన్‌కు చెందిన ఒక పెట్టుబడి సంస్థ భారతదేశంలోని అతిపెద్ద ఐవీఎఫ్ ఆసుపత్రుల గొలుసులో మెజారిటీ వాటా కొనడం ఈ రంగంపై విదేశీ మదుపుదారులకున్న ఆసక్తికి నిదర్శనం. ప్రభుత్వ రంగంలో సదుపాయాలు ఇంకా పరిమితం. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించడం పేద దంపతులకు ఆశ కలిగించిన పరిణామం. గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 2019 సెప్టెంబరులో 74 ఏళ్ల వృద్ధురాలు కవలలకు జన్మనివ్వడం ఈ వైద్యం శక్తినే కాక, దానికి హద్దులు గీయవలసిన అవసరాన్ని కూడా దేశానికి గుర్తుచేసింది.

ఆ హద్దులను 2022 జనవరి 25 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం గీసింది. చికిత్స పొందే స్త్రీ వయసు 21 నుంచి 50, పురుషుని వయసు 21 నుంచి 55 ఏళ్ల మధ్య ఉండాలి. కేంద్రాలన్నీ నమోదు చేసుకోవాలి. చికిత్స ఫలించే అవకాశాలు, లాభనష్టాలు, ఖర్చు, దుష్ఫలితాలను దంపతులకు ముందుగా వివరించాలి. లిఖితపూర్వక సమ్మతి తీసుకోవాలి. రికార్డులను కనీసం పదేళ్లు భద్రపరచాలి. జరిపిన చికిత్స వివరాలతో డిశ్చార్జి ధ్రువపత్రం ఇవ్వాలి. ఫిర్యాదుల పరిష్కారానికి ప్రత్యేక విభాగం ఉండాలి.

అంటే తొలి ఉదయపు లెక్కను దంపతుల చేతికి అందించడానికి కొత్త చట్టం అవసరం లేదు. ఉన్న ధ్రువపత్రంలోనే నాలుగు వరుసలు చేరిస్తే సరిపోతుంది. సేకరించిన అండాలెన్ని, పక్వమైనవి ఎన్ని, రెండు కేంద్రకాలతో సక్రమంగా ఫలదీకరణ చెందినవి ఎన్ని, ఒకటి లేదా మూడు కేంద్రకాలతో తేలినవి ఎన్ని, వాటిని ఏమి చేశారు అన్న వివరాలు ప్రయోగశాల పుస్తకంలో ఎలాగూ ఉంటాయి. వాటిని తెలుగులోనో, హిందీలోనో, తమిళంలోనో, దంపతులు చదవగల భాషలో ఇస్తే ఆ కాగితం రెండు విధాల ఉపయోగపడుతుంది. తదుపరి విడత చికిత్సకు మరొక ఆసుపత్రికి వెళ్లినా అక్కడి వైద్యుడు మొదటి నుంచి వెతుక్కోవలసిన పని ఉండదు. గర్భం వచ్చి పోయినప్పుడు దేనిని పరీక్షించాలో, ఎంతకాలం కనిపెట్టుకుని ఉండాలో తెలుస్తుంది.

మూడవ ప్రయోజనం ఆసుపత్రికి వెలుపల ఉంది. రెండవ శుక్రకణం చొరబడటం, ధ్రువదేహం బయటకు వెళ్లకపోవడం ఏ స్త్రీ అలవాట్ల వల్లో, అశ్రద్ధ వల్లో, పాపం వల్లో జరిగేవి కావు. కణం స్థాయిలో జరిగే పొరపాట్లు అవి. సహజ గర్భాలలోనూ నిత్యం జరుగుతూనే ఉంటాయి. అక్కడ వాటిని చూసే కన్ను లేదు, ఇక్కడ ఉంది. అంతే తేడా. ఆ కన్ను చూసిన దానిని కాగితం మీద పెట్టి చేతికిస్తే, కోడలి మీద నింద మోపే నోళ్లకు జవాబు ఆమె దగ్గరే ఉంటుంది. దేశంలో తొలి విజయం నిజమని నిరూపించింది ఒక వైద్యుని చేతిరాత. నేటి దంపతులు తమ లక్షల రూపాయలకు బదులుగా అటువంటి రాత ఒకటి కోరడం అత్యాశ కానేరదు.